గాడి నుండి గరిమనాభి వరకు

పల్లెబాటలో బండి నడచుట చూచినవారికి గాడి యననేమో చెప్పనక్కరలేదు. ఏండ్ల తరబడి బండ్లు తిరిగినచోట నేలపై రెండు చాళ్ళు పడును. రెండు చక్రములును వానిలో దిగినచో బండి సుఖముగా సాగును. ఒకటి లోపల, ఒకటి వెలుపల నున్నచో ఒరిగి నడచును. మోటారుకారు చరిత్రలో సైతము తొలి అధ్యాయము ఈ గాడిదే.

1908లో హెన్రీ ఫోర్డు అమెరికాలో మోడల్ టి కారును వెలువరించెను. దాని కుడియెడమ చక్రముల నడిమి దూరము 56 అంగుళములు. ఈ దూరమును మనము చక్రాంతరమని పిలుచుకొందము. ఆ దేశపు దక్షిణ రాష్ట్రములలో బండిగాడులు అంతకంటె వెడల్పుగా నుండెను. అచటివారి కొరకు ఫోర్డు సంస్థ 60 అంగుళముల చక్రాంతరముగల కార్లను గూడ కొంతకాలము అమ్మెను. యంత్రము క్రొత్తదే, దానికి కొలత పెట్టినది మాత్రము పాతబాట.

బాటలు చదునైనకొలది గాడిబంధము వీడెను, వేగము హెచ్చెను. అంతట మలుపులే కారుకు పరీక్షలయ్యెను. కాళ్ళు దగ్గరగా నుంచి నిలిచినవానిని ప్రక్కనుండి నెట్టినచో తూలును. ఎడముగా నుంచి నిలిచినవాడు తట్టుకొనును. మలుపులో కారు గతియు నట్టిదే. బరువు లోపలి చక్రములనుండి వెలుపలి చక్రములకు జరుగును. గరిమనాభి యెంత యెత్తున నున్న నంత యెక్కువగను, చక్రాంతరమెంత పెరిగిన నంత తక్కువగను ఈ జరుగుట యుండును. బరువు రెట్టింపైనను టైరు పట్టు రెట్టింపు కాదు. కావున భారమొకవైపే పడినచో నాలుగు టైర్ల మొత్తపు పట్టు తగ్గును.

1959లో అమెరికాలోని పాంటియాక్ కార్లవారు చక్రాంతరమును సుమారు 5 అంగుళములు పెంచి, 'వైడ్ ట్రాక్' అను పేరుతో దానినే చాటుకొనిరి. అదే సంవత్సరమున ఇంగ్లండులో ఇసిగోనిస్ రూపొందించిన మినీ వెలువడెను. దాని పొడవు 10 అడుగులే. ఆయన ఇంజనును అడ్డముగా నమర్చి, చిన్న చక్రములను నాలుగు మూలలకు జరిపెను. ఒకటి విశాలము, ఒకటి పొట్టి; రెండును చక్రములను అంచులకు జరిపినవే. అయితే వెడల్పునకు వెలయు కలదు: కారు బరువెక్కును, గాలి యెదురు హెచ్చును, ఇరుకు వీధిలో కష్టమగును.

ఈ కథను మేము చెప్పబూనుటకు కారణమొకటి కలదు. చక్రాంతరములో సగమును గరిమనాభి యెత్తుచే భాగించినచో వాహనపు నిలకడ తెలియును. 60 అంగుళముల చక్రాంతరమునకు గరిమనాభి 20 అంగుళముల యెత్తున నున్నచో ఫలితము 1.5, 30 అంగుళములైనచో 1 మాత్రమే. అమెరికా రహదారి భద్రతాశాఖ 2001 మోడళ్ళు మొదలుకొని ఈ లెక్కను బట్టియే బోల్తాపడు ప్రమాదమును అంచనా వేసి ప్రజలకు తెలుప నారంభించెను. కార్లకు సాధారణముగా 1.3 నుండి 1.5 వరకు వచ్చును. ఎత్తైన వాహనములకు అంతకు తగ్గును.

చక్రాంతరమును నిర్ణయించువాడు తయారీదారు. గరిమనాభిని మార్చునది మనమే. యాత్రకు బయలుదేరుచు పెట్టెలను, మూటలను పైకప్పుపై కట్టునపుడు చక్రములు ఉన్నచోటనే యుండును. గరిమనాభి మాత్రము పైకి లేచును. బరువైనవానిని క్రింద నుంచి, మలుపులో వేగము తగ్గించుటయే మన చేతిలోని నిలకడ.