తారు రోడ్డు బండికి ‘ఆల్‌ టెరైన్‌’ టైర్లు అవసరమా?

మదనపల్లె: తోటల నుంచి టమోటా పెట్టెలను మార్కెట్‌కు చేర్చే పికప్‌ వాహనాలు మట్టిబాటలో నడిచేది కొద్ది దూరమే. మిగిలిన ప్రయాణమంతా తారు రోడ్డుపైనే. అయినా ఆ కాస్త బురదకు జడిసి ఆల్‌ టెరైన్‌ టైర్ల వైపు మొగ్గు చూపే యజమానులున్నారు.

ఈ టైర్లకు గాడులు వెడల్పు, దిమ్మెలు పెద్దవి. కంకరలో, తడిసిన ఎర్రమట్టిలో పట్టు బాగుంటుంది. తారుపై మాత్రం మోత ఎక్కువ, డీజిల్‌ ఖర్చూ పెరుగుతుంది. అసలు చిక్కు వానలోనే. తడి తారుపై బ్రేకు వేశాక బండి ఆగే దూరం సాధారణ టైర్ల కంటే పెరిగే అవకాశం ఉంది. సరుకుతో ఘాట్‌ దిగే బండికి ఇది చిన్న విషయం కాదు. ఇక నల్లరేగడిలోనైతే బంకమట్టి గాడులను పూడ్చివేస్తుంది. అప్పుడు పెట్టిన అదనపు సొమ్ముకు ఫలితం దక్కదు.

కనుక నడుమ దిమ్మెలు దగ్గరగా ఉన్న రకం మేలు. అయితే రూపం కన్నా ముందు చూడవలసింది టైరు పక్కన ముద్రించిన భార సూచిక. సరైన గాలి ఉన్నప్పుడు 104 సంఖ్య గల టైరు 900 కిలోలు, 112 అయితే 1,120 కిలోలు మోయగలదు. చవకగా వచ్చిందని కారు టైరు బిగించరాదు. కంపెనీ సూచించిన కొలతనే వాడాలి. పెద్దది వేస్తే స్పీడోమీటరు అసలు వేగం కన్నా తక్కువ చూపే ప్రమాదముంది. డాట్‌ గుర్తు చివర ఉండే నాలుగంకెలు తయారీ కాలాన్ని తెలుపుతాయి. 2324 అంటే 2024లో 23వ వారం. తగ్గింపు ధర అన్నప్పుడు తప్పక చూడవలసినవి ఇవే.

గాడి లోతు 1.6 మిల్లీమీటర్ల కంటే తగ్గిన టైర్లతో నడపడం మోటారు వాహన నిబంధనలకు విరుద్ధం. వానాకాలంలో అంతవరకూ ఆగకుండా మార్చుకోవడం క్షేమం. గాలిని బండి కదలకముందే, టైరు చల్లగా ఉన్నప్పుడు కొలవాలి.