తొలి ప్రోగ్రాము, తొలి తప్పు

విశాఖపట్టణమువలె అమెరికాలోని పిట్స్‌బర్గును ఉక్కుతో పేరుగాంచిన నగరమే. దాని చెంతనున్న బెట్టిస్ అణుశక్తి పరిశోధనాలయమునకు 1957 ఏప్రిల్‌లో ఒక పెట్టె చేరెను. అందు సుమారు 2,000 చిల్లుల కార్డులు గలవు. వివరపత్రము మాత్రము లేదు. ఐ.బి.ఎం. సంస్థ సిద్ధము చేయుచుండిన ఫోర్ట్రాన్ కంపైలరు ఇదియే కావచ్చునని హెర్బర్ట్ బ్రైట్, ఆయన సహచరులు ఊహించిరి. కంపైలరనగా మనము వ్రాసిన ఆదేశములను యంత్రభాషలోనికి మార్చు దుబాసీ.

వారు ఆ కార్డులను తమ 704 యంత్రమునకు అందించి, ఒక ప్రోగ్రామును పరీక్షకు పెట్టిరి. ఫలితమునకు మారుగా యంత్రము ఒక తప్పును అచ్చువేసెను: ‘గో టు’ వాక్యమున కామా లోపించినదట! కార్డును సవరించి మరల నడుపగా ఫలితములు వెలువడెను.

ఆ తప్పును మేము శుభవార్తగానే ఎంచుచున్నాము. కామా లేదని చెప్పుటకు దుబాసీ ఆ వాక్యమును చదివియుండవలెను గదా!

నేడు విశాఖలో ఇంటి కంప్యూటరుపై సీ భాష మొదలిడు విద్యార్థికి తరచు అంతకు ముందే చిక్కు ఎదురగును. ‘జీసీసీ’ అను ఆజ్ఞను గుర్తింపలేదని తెరపై కనబడినచో, అతని ప్రోగ్రామును ఇంకను ఎవరును చదువలేదన్నమాట. అందు తప్పులు వెదకుట వృథాశ్రమ. కంపైలరును స్థాపించియుండడు, లేదా అదియున్న ఫోల్డరు ‘పాత్’ అను జాబితాలో చేరియుండదు. చేర్చిన పిదప, అంతకుముందు తెరచిన ఆజ్ఞల కిటికీకి ఆ మార్పు తెలియదు. దానిని మూసి క్రొత్తది తెరువవలెను.

అటుపిమ్మట సెమికోలను లేదని కంపైలరు పలికినచో పని సాగుచున్నట్లే. అది 5వ పంక్తిని చూపినను, 4వ పంక్తి చివర కూడ చూడవలెను.