బిడారులో చోటు

పట్టుబాట అను పేరు నేడు లోకమంతట ప్రసిద్ధమై యున్నది. చీనాదేశపు పట్టణములనుండి మధ్య ఆసియా ఎడారులమీదుగా పడమటికి పోవు పురాతన వర్తకమార్గములకు ఈ పేరు వ్యాపించునట్లు చేసినవాడు రిచ్టోఫెన్ అను జర్మను భూగోళశాస్త్రజ్ఞుడు. అది 1877 నాటి మాట. ఆ బాటను నడచిన పూర్వులలో ఒక్కడైనను ఈ పేరెరుగడు. పేరు ఇంపుగానే యున్నది గాని, దానివలన మన దృష్టి సరకుమీదికి పోయి మనుష్యులమీదినుండి తొలగినది. ఆ దారిలో మనుష్యుని గమ్యము చేర్చినది పట్టు కాదు, తోడు. ఆ తోడునకే మన పూర్వులు సార్థమనియు, సాతనియు, బిడారనియు పేరులు పెట్టిరి.

నేడు తాష్కెంటునుండి సమర్కందునకు రైలు రెండు గంటలకు కొంచెము మించిన కాలములో చేరుచున్నది. యాత్రికులు పదిమంది యిరువదిమంది గుంపుగా కూడి యుజ్బెకిస్తానము, తజికిస్తానము, కిర్గిజ్‌స్తానము, చీనా సరిహద్దు అని వరుసగా చూచి వచ్చుచున్నారు. వీరు గుంపుగా పోవుట ఖర్చు తగ్గుటకును, కాలక్షేపమునకును. ఒక్కడే పోయినను వానికి వచ్చు నష్టము స్వల్పము. వెనుకటి కాలమున అట్లు గాదు. తక్లమకాను ఎడారి అంచున ఒక నీటిపట్టునుండి మరియొక నీటిపట్టునకు నడవవలెను. దారి తెలిసినవాడు కావలెను. ఒంటె పడిపోయిన బరువు మార్చుకొనుటకు మరియొకని ఒంటె కావలెను. రాత్రి కావలి యుండుటకు మనుష్యులు కావలెను.

మన వేంగిని, ధాన్యకటకమును సందర్శించి వ్రాసిపెట్టిన హ్యూన్‌త్సాంగు జీవితచరిత్రలో దీనికి చక్కని దృష్టాంతము కలదు. క్రీ. శ. 630 ప్రాంతమున ఆయన భారతదేశమునకు వచ్చుచు అగ్ని యను రాజ్యమును సమీపించుచుండగా, ఆయనతో కూడ నడచుచున్న విదేశవర్తకులు కొన్ని పదులమంది, తామే ముందుగా సంత చేరి సరకు అమ్ముకొనవలెనను ఆశతో, నడిరేయి ఎవరికిని చెప్పక బయలుదేరిరి. వారు కొద్ది మైళ్లు పోవునప్పటికి దొంగలు పైబడి అందరిని చంపివేసిరి. తెల్లవారిన తరువాత వెనుక వచ్చినవారికి శవములు మాత్రమే కనబడినవి. సహయాత్రికుని సరకుధరకు పోటీదారుగా చూచిన కొన్ని గంటలలోనే ఆ ప్రాణములు పోయినవి.

బిడారు ఎంత పెద్దదిగా నుండెడిదో చీనా రాజవంశచరిత్ర యొకటి లెక్కతో సహా చెప్పుచున్నది. 553వ సంవత్సరమున లియాంగ్‌చౌ దగ్గర అక్కడి చీనా అధికారి యొకడు తుయుహున్ రాజ్యమునుండి వచ్చిన రాయబార బృందమును పట్టుకొనెను. దానిలో 240మంది విదేశవర్తకులును, 600 ఒంటెలు కంచరగాడిదలును, వేలకొలది పట్టుతానులును ఉండినవట. అది కదలుచున్న ఒక చిన్న ఊరు. ఊరన్న తరువాత పెద్ద ఉండవలెను, తగవులు తీరవలెను, చచ్చినవాని సొత్తు ఎవరికి చెందవలెనో తేలవలెను.

ఈ దారులలో ముఖ్యులైన వర్తకులు సోగ్దులు. సమర్కందు, బుఖారా ప్రాంతములు వారి స్వస్థలము. వారు తమ బిడారు పెద్దను సార్తపావ్ అనిరి. ఇది మన సార్థవాహ శబ్దమే! సంస్కృతమునుండి మధ్య ఆసియా భాషలలోనికి పోయి, అక్కడనుండి చీనాభాషలో సాబావ్ అయి, తుదకు చీనా ప్రభుత్వోద్యోగపు పేరు కూడ అయినది. పరదేశివర్తకుల పేటకు పెద్దగా నుండి వారి తగవులను వారి ఆచారము ననుసరించి తీర్చువానిని సాబావ్ అని చక్రవర్తులు నియమించెడివారు. సియాన్ నగరమునొద్ద 2003లో త్రవ్వి తీసిన ఒక సమాధి అట్టివానిదే. అతని సోగ్దు పేరు విర్కాక్. అతడు 579లో 86 ఏండ్ల వయస్సున మరణించెను. నెల తిరిగినంతనే భార్యయు మరణించెను. కుమారులు ఇరువురిని ఒకేచోట నుంచి, రాతిమీద రెండు భాషలలో శాసనము చెక్కించిరి. దానితోపాటు బరువుతో నడచు ఒంటెలు, గాడిదలు, గుఱ్ఱములు గల బిడారును కూడ చెక్కించిరి. దేవతలకు, విందులకు ప్రక్కగా బిడారునకు చోటిచ్చిరన్న దానిని బట్టి వారి గౌరవము ఎక్కడ నుండెనో ఊహింపవచ్చును.

భిన్నజాతులు కలసి నడచునప్పుడు మాట నిలుపుకొనుటకు ఆధారమేమి? తుర్ఫాను దగ్గర సమాధులలో దొరికిన కాగితములలో 670 ప్రాంతపు వ్యాజ్యమొకటి కలదు. ఒక సోగ్దు వర్తకుడు చీనా వర్తకుడొకనికి 275 పట్టుతానులు అప్పిచ్చెను. ఇరువురును కూచా పట్టణమునకు బయలుదేరిరి. చీనావాడు చేరెను, సోగ్దు చేరలేదు. చచ్చినవాని తమ్ముడు అధికారుల యెదుట ఫిర్యాదు చేసెను. పత్రము అన్నతోనే పోయినది. అయినను ఇచ్చిపుచ్చుకొనుటను చూచిన సాక్షుల మాటను నమ్మి, వడ్డీతో కూడ తానులు చెల్లింపవలెనని అధికారులు తీర్పు చెప్పిరి. విదేశీయునికి స్వదేశీయుని మీద గెలుపు! దీనిని చదివినప్పుడు మాకు ఆ కాలమునందు గౌరవము కలుగుచున్నది.

ఇంతవరకు చెప్పినది బిడారు గొప్పతనము. దీనిని తగ్గించు ఉద్దేశము మాకు లేదు. కాని ఈ తోడు ఎవరికి దొరకెను, ఎవరికి దొరకలేదు అని అడుగక విడిచినచో చరిత్ర సగమే చెప్పినట్లగును. ఈ ప్రశ్నకు సమాధానము ఒక టపాసంచిలో నున్నది.

1907లో ఆరెల్ స్టెయిన్ అను పండితుడు తున్‌హువాంగు పట్టణమునకు పడమట పాడుపడిన కావలిబురుజు నొకదానిని త్రవ్వించుచుండగా, మడతపెట్టి పైన చిరునామా వ్రాసిన సోగ్దు జాబులు దొరకినవి. వానిలో అయిదు దాదాపు సంపూర్ణములు. ఇప్పుడవి లండనులోని బ్రిటిష్ గ్రంథాలయమున నున్నవి. పండితులు వీనిని క్రీ. శ. 313 ప్రాంతమువని నిర్ణయించిరి. అప్పటికి రెండేండ్ల క్రిందట, అనగా 311లో, చీనా రాజధాని లోయాంగు హూణుల పాలై తగులబడినది. ఒక జాబు వ్రాసిన నానైవందక్ అను వర్తకుడు ఆ వార్తనే సమర్కందులోని యజమానునకు తెలుపుచున్నాడు. లోయాంగులోనున్న భారతీయులును, సోగ్దులును ఆకలితో మడిసిరని అందున్నది. మన దేశపు వర్తకులు ఎవరో, ఏ ఊరివారో, అంత దూరమున తిండిలేక చచ్చిరి. వారిని తలచిన అక్షరములు ఇవి మాత్రమే.

ఆ నానైవందకే తానును తనవారును దినదినము దోపిడిని, చావును ఎదురుచూచుచున్నామని వ్రాయుచు, సమర్కందులో నిలువయున్న సొమ్మును గూర్చి ఏర్పాటు చెప్పుచున్నాడు. అక్కడ తండ్రిలేని బాలుడొకడున్నాడు. సొమ్ము నమ్మకస్థుని చేతిలో ఉంచి వడ్డీ కలుపుచు పోవలెను. బాలుడు పెద్దవాడైనప్పుడు పెండ్లి చేయవలెను. అతనిని దూరదేశములకు పంపరాదు. తున్‌హువాంగునుండి సమర్కందునకు నేరుగా గీతగీసి కొలిచినను 1,400 మైళ్లకు తక్కువ లేదు. అంత దూరమున నున్న బాలునికి ఒక సిరా గీతతో రక్షణ కల్పించగల నమ్మకము ఆ జాతిలో ఉండెను.

అదే సంచిలో మివ్నాయ్ అను స్త్రీ వ్రాయించిన జాబులు రెండున్నవి. ఒకటి తల్లికి, ఒకటి భర్తకు. భర్త నానైధాత్ ఆమెను కూతురితో సహా తున్‌హువాంగులో విడిచిపోయి మూడేండ్లయినది. పుట్టింటికి పోవుట తప్ప ఆమె యేమియు కోరలేదు. ఆమె పేట పెద్దను అడిగెను; నీ భర్తకు దగ్గరి చుట్టము అర్తివాన్, అతనిని అడుగుమనెను. అర్తివాన్ తనవలన గాదనెను. ఫర్న్‌ఖుంద్ అనువానిని అడుగగా, భర్త బంధువే ఒప్పుకొననప్పుడు నేనెట్లు తీసికొనిపోదును, ఓపిక పట్టుము, భర్త రావచ్చుననెను. ఎవరును క్రూరముగా మాటాడలేదు. ప్రతివాడును మర్యాదగా మరియొకని వాకిలి చూపెను. ఒంటిమీద మంచి బట్ట లేదు, చేత సొమ్ము లేదు, అప్పు పుట్టదు. మూడేండ్లలో అయిదుసారులు ఊరు విడుచుటకు అవకాశము వచ్చెను; అయిదుసారులును ఆమె నిలిచిపోయెను. గుడి పూజారి యొక్కడే ఒక ఒంటెనిచ్చి, వెంట ఒక మనిషిని కూడ పంపెదనని మాట యిచ్చెను.

ఇక్కడ మన చదువరులకు నలోపాఖ్యానము జ్ఞప్తికి వచ్చియే యుండును. భర్త విడిచిన దమయంతి అడవిలో ఒక సార్థమును కలిసికొనెను. అది చేదిదేశమునకు పోవుచుండెను. సార్థవాహుడు ఆమెను రానిచ్చెను. పత్రమడుగలేదు, భర్త అనుమతి యడుగలేదు. కాని ఒక రాత్రి అడవియేనుగులు విడిదిమీద పడి త్రొక్కగా, బ్రతికినవారు ఆ నష్టమునకంతకు వెఱ్ఱిదానివలె నున్న ఈ యాడుదే కారణమని తిట్టిరి. పురాణమును చరిత్రతో కలుపుట మా పద్ధతి కాదు. అయినను తోడులేని స్త్రీకి బిడారులో దొరకు చోటు ఎట్టిదో కథ కట్టినవారికి బాగుగా తెలియును.

ఒక విధమైన స్త్రీకి మాత్రము ఏ అనుమతియు లేకయే బిడారులో చోటుండెను. 639లో తుర్ఫానులో సోగ్దుభాషలో వ్రాసిన విక్రయపత్రము దొరకినది. సమర్కందువాడొకడు ఉపాచ్ అను దాసిని 120 పారసీక వెండి నాణెములకు అమ్మినాడు. కొన్నవాడు బౌద్ధభిక్షువు. ఆమెను కొట్టుటకు, కట్టివేయుటకు, అమ్ముటకు, తాకట్టుపెట్టుటకు, దానమిచ్చుటకు కొన్నవానికి హక్కు కలదని పత్రము విడివిడిగా చెప్పుచున్నది. సాక్షులు వేర్వేరు సోగ్దు పట్టణములవారు. 275 తానుల వ్యాజ్యములో పరదేశికి న్యాయము చేకూర్చినది ఏ సాక్ష్యపద్ధతియో, ఈ దాసిని సరకుగా మార్చినదియు ఆ పద్ధతియే. బౌద్ధధర్మము ఈ బాటలవెంట వ్యాపించిన విధమును పొగడునప్పుడు మనవారు ఈ కాగితమును కూడ చదువవలెను.

మివ్నాయ్ దాసి కాదు. తల్లికి వ్రాసిన జాబులో తాను స్వతంత్రస్త్రీనని చెప్పుకొనెను. భర్తకు వ్రాసిన జాబులో ఆ వినయము లేదు. తల్లి మాట, సోదరుల మాట కాదని నీ మాట విని ఈ ఊరికి వచ్చిన దినమున దేవతలు నామీద కోపించియుందురని వ్రాయించెను. నీకు భార్యనగుటకంటె కుక్కకో, పందికో భార్యనగుట మేలనెను. పదియేడు శతాబ్దముల క్రిందటి ఇల్లాలి నోట ఈ మాట వినుటకు మన పండితులలో కొందరు ఇష్టపడకపోవచ్చును. మాకు అది చెవికి హితముగానే యున్నది.

ఆ జాబు అడుగున కూతురు షైన్ తన మాటగా కొన్ని పంక్తులు చేర్చినది. ఫర్న్‌ఖుంద్ అప్పులు చేసి పారిపోయినాడు. చీనావారు వెదకుచున్నారు, దొరకలేదు. అతని బాకీ తమ నెత్తిన పడినందున తల్లియు తానును చీనావారికి పనివారలైనారు. తీసికొనిపోనన్నవాని అప్పు మాత్రము వారిని వదలలేదు. అటుపిమ్మట జాబును మడిచి, పైన తండ్రి పేరు వ్రాసి, పడమటికి పోవు సంచిలో వేసిరి. అది దొరకిన బురుజు తున్‌హువాంగునకు సుమారు 55 మైళ్ల దూరము.