జానీ లీవర్ మనవాడే, అభిమానించింది మెహమూద్‌ని

కనిగిరిలో 1957లో పుట్టిన జాన్ ప్రకాశరావే జానీ లీవర్. పెరిగింది బొంబాయి, చిన్నప్పుడు కొన్నాళ్ళు మన యాకుత్‌పురా.

అతను అభిమానించిన వాళ్ళలో మెహమూద్ ఒకడు. 'గుమ్‌నామ్' (1965)లో మెహమూద్ మాట్లాడిన హైదరాబాదీ ఉర్దూ, ఇప్పటికీ తార్నాక, రామంతాపూర్ ఆటోల్లో వినపడేదే. 'కుఁవారా బాప్' (1974)కి హీరో, డైరెక్టరు రెండూ తనే. కమెడియనంటే హీరో పక్కన ఉండేవాడే కాదని తేల్చేశాడు.

జానీ ఇంకో అడుగేశాడు. హీరో లేడు, కథ లేదు, చేతిలో మైకొక్కటే. హిందుస్థాన్ లీవర్ ఫ్యాక్టరీలో పెద్దాఫీసర్లని అనుకరించబట్టే ఆ పేరొచ్చింది. ప్రోగ్రాములు పెరిగాక 1981లో ఉద్యోగం మానేశాడు. 1982లో అమితాబ్‌తో వరల్డ్ టూర్!

వీకెండ్ స్టాండప్‌కి టికెట్ కొనే మనం గుర్తుంచుకోవాల్సింది ఇదే: ఈ దారి మొదట వేసినవాళ్ళలో ఏడో క్లాసుతో చదువాపేసిన ఓ తెలుగు కార్మికుడున్నాడు.