శాసనమండలిలో ఒక దేవదాసి కూతురు

అమెరికాలో ఎన్నికలు దగ్గరపడితే రాష్ట్ర శాసనసభ్యుల చిట్టాలు ఇంటింటికీ వస్తాయి. కుటుంబ విషయాలలో ఏ బిల్లుకు ఎవరు ఔనన్నారు, ఎవరు కాదన్నారు అన్నది ఒక పట్టిక. అభ్యర్థి పుట్టుపూర్వోత్తరాలు పక్కన నాలుగు వాక్యాలు. ఈ రెంటికీ సంబంధమేమిటో ఆ కాగితం చెప్పదు. ఆ సంబంధం చాలా స్పష్టంగా కనిపించే ఒక శాసనసభ్యురాలి చరిత్ర నాకు తరచు గుర్తుకొస్తుంది. ఆమె మద్రాసు శాసనమండలి సభ్యురాలు డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి. పేరు చివరి రెడ్డిని చూసి తెలుగావిడ అనుకునేవారున్నారు. అది భర్త సుందరరెడ్డిగారి నుంచి వచ్చిన పేరు; ఆమె పుదుక్కోట్టై సంస్థానంలో పుట్టిన తమిళురాలు. అయితే ఆమె సభ్యురాలిగా ఉన్న మండలి చేసిన చట్టాలు కోస్తా జిల్లాలకూ, రాయలసీమకూ కూడా వర్తించాయి.

ఆమె 1886లో పుట్టారు. తండ్రి నారాయణస్వామి అయ్యర్ అక్కడి మహారాజా కళాశాలకు ప్రిన్సిపాల్. తల్లి చంద్రమ్మాళ్ దేవదాసీ కుటుంబంలో పుట్టిన స్త్రీ. మగపిల్లలు చదివే కళాశాలలో ఒక ఆడపిల్లను, అందునా ఆ తల్లి కడుపున పుట్టిన పిల్లను చేర్చుకోవడానికి అభ్యంతరాలు లేచాయి. వాటిని తోసిపుచ్చి చేర్చుకోమన్నది సంస్థానాధీశుడే. 1912లో మద్రాసు మెడికల్ కాలేజీ నుంచి వైద్యపట్టా పుచ్చుకున్నారు. రెండేళ్ల తర్వాత, తనను సమానురాలిగా చూడాలన్న షరతు పెట్టి మరీ సుందరరెడ్డిగారిని పెళ్లాడారు.

మద్రాసు రాష్ట్రంలో స్త్రీలకు ఓటుహక్కు 1921లోనే దక్కినా, పోటీచేసే హక్కు రావడానికి మరి కొన్నేళ్లు పట్టింది. 1926 ఎన్నికలలో కమలాదేవీ చట్టోపాధ్యాయ స్వల్ప తేడాతో ఓడిపోయారు. దాంతో మండలిలో అడుగుపెట్టిన మొదటి మహిళ ఎన్నికైన సభ్యురాలు కాక, ప్రభుత్వం నామినేట్ చేసిన వ్యక్తి అయింది. నూరుమందికి పైగా ఉన్న సభలో ముత్తులక్ష్మి ఒక్కరే స్త్రీ. అయినా 1927లో ఆ సభే ఆమెను ఏకగ్రీవంగా ఉపాధ్యక్షురాలిగా ఎన్నుకుంది.

ఆ మూడేళ్లలో ఆమె లేవనెత్తిన విషయాలన్నీ ఇంటి గడప చుట్టూ తిరిగేవే: పేద ఆడపిల్లల చదువు, బడిపిల్లలకు వైద్యపరీక్షలు, స్త్రీలకూ శిశువులకూ ఆసుపత్రులు. ఆడపిల్లకు 16, మగపిల్లవాడికి 21 సంవత్సరాలు నిండాకే పెళ్లి జరగాలని 1928లో ఆమె ప్రతిపాదించిన తీర్మానాన్ని మండలి అంగీకరించింది. మరుసటి ఏడు కేంద్రంలో వచ్చిన శారదా చట్టం 14, 18 దగ్గరే ఆగింది. చిన్నవయసు కాన్పులు ఎంతటి కష్టమో వైద్యురాలిగా ఆమెకు తెలుసు.

అయితే ఆమె పేరు నిలిచింది దేవదాసీ చట్టంతోనే. 1927 నవంబరులో, దేవాలయాలకు ఆడపిల్లలను అంకితం చేయడాన్ని ఆపాలని ప్రభుత్వానికి సిఫారసు చేసే తీర్మానం పెట్టారు. సాంప్రదాయికుల పక్షాన సత్యమూర్తి వంటి కాంగ్రెసు నాయకులే ఎదురు నిలిచారు. 1929లో దేవాదాయ చట్టానికి ఆమె తెచ్చిన సవరణ మాత్రం నెగ్గింది. నా దృష్టిలో ఆమె శాసనకృషిలో అతి తెలివైనది ఇదే. గుడిలో సేవచేసే షరతు మీద ఆ కుటుంబాలు ఇనాం భూములు అనుభవిస్తుండేవి. సేవ మానేస్తే భూమి పోతుంది. భూమి నిలవాలంటే ఇంట్లో ఒక పిల్లకు గజ్జె కట్టాలి. ఆ సవరణ సేవ నుంచి భూమిని విడదీసి, అనుభవిస్తున్న స్త్రీలకే వదిలిపెట్టింది. ఆచారాన్ని నీతిబోధతో కాక దాని ఆర్థిక మూలం దగ్గర కోసింది.

అంకితాన్ని పూర్తిగా నిషేధించే బిల్లు 1930లో సభ ముందుకు వచ్చింది. అది తేలకముందే గాంధీజీ అరెస్టుకు నిరసనగా ఆమె రాజీనామా చేశారు. అదే ఏడు, దిక్కులేని ఆడపిల్లల కోసం అవ్వై ఇల్లం మొదలుపెట్టారు. బిల్లు చట్టం కావడానికి 1947 దాకా ఆగవలసి వచ్చింది.

ఈ కథలో తెలుగువారు మరవకూడని పేజీ ఒకటుంది. చట్టాన్ని వ్యతిరేకించినవారిలో దేవదాసీలు కూడా ఉన్నారు. మేము వేశ్యలం కాము, మాది ఒక మతవృత్తి, మాకు విద్య చెప్పించండి గాని మా జీవనాన్ని నేరం చేయకండి అని వారు ప్రభుత్వానికి విన్నవించుకున్నారు. ఆ నిరసనలో బెంగుళూరు నాగరత్నమ్మ ముందున్నారు. తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధికి గుడి కట్టించిన ఆవిడే, ముద్దుపళని రాధికా సాంత్వనాన్ని 1910లో అచ్చువేయించి ప్రభుత్వ నిషేధాన్ని ఎదుర్కొన్నదీ ఆవిడే. మరోవైపు కళావంతుల కుటుంబంలోనే పుట్టిన యామినీ పూర్ణతిలకం సంస్కరణ పక్షాన నిలిచారు. గోదావరి, కృష్ణా తీరాల మేళాల ఇళ్లలోనూ ఈ చీలిక ఉండే ఉంటుంది.

ముత్తులక్ష్మి నాగరత్నమ్మ మాట విని ఉండవలసింది అనిపిస్తుంది. కాని ఆ తల్లికి పుట్టి కళాశాల గుమ్మం దగ్గర ఆగవలసివచ్చిన మనిషి, అది పవిత్రవృత్తి అన్న వాదాన్ని చెవికెక్కించుకోకపోవడంలో ఆశ్చర్యమేమీ లేదు. సత్యమూర్తి సంప్రదాయమన్నదాన్ని ఆమె చంద్రమ్మాళ్ జీవితంలో చూశారు. నాగరత్నమ్మకు అదే సంప్రదాయం చదువునూ, సంగీతాన్నీ, సొంత ఆస్తినీ ఇచ్చింది. ఇద్దరూ తమ అనుభవం నుంచే మాట్లాడారు; మండలిలో ఓటు మాత్రం ఒకరికే ఉంది.

1947 చట్టం అంకితాన్ని నేరం చేసింది. అంకితమైన స్త్రీ చేసుకునే వివాహం చెల్లుతుందని చెప్పింది. నిజాం రాజ్యంలో భాగమైన తెలంగాణకు అది అప్పట్లో వర్తించలేదు. జోగినీ ఆచారాన్ని కూడా కలుపుకొని ఆంధ్రప్రదేశ్ సొంత చట్టం చేసుకున్నది 1988లో, ముత్తులక్ష్మి మరణించిన ఇరవై ఏళ్లకు. రాధికా సాంత్వనం మీది నిషేధాన్ని ఎత్తివేసింది కూడా 1947లోనే.