సముద్రము దాటిన బొంతు

నెల్లూరు జిల్లా బోగోలు ప్రాంతమున, జువ్వలదిన్నె ఒడ్డున నిలిచి చూచినచో కన్ను సాగినంత మేర ఇసుకయే. మేము నేడు ప్రస్తావింపబోవు చేపకు ఇసుక పనికిరాదు. రాళ్ల సందులు, పగడపు గుట్టలు కావలెను. ఒడలెల్ల చుక్కలు, విశాలమైన నోరు, ముందునకు పొడుచుకొనిన క్రింది దవడ. ఎరను తరుముట దాని స్వభావము కాదు. పొంచియుండి, నోరు తెరచి, నీటితో సహా లోనికి లాగుకొనును. ఆంగ్లమున దీనిని గ్రూపర్ అందురు. తెలుగు తీరమున దానికున్న పేరొకటి చాల దూరము ప్రయాణించినది. ఆ కథయే మేము చెప్పదలచినది.

పాట్రిక్ రస్సెల్ స్కాట్లండు దేశపు వైద్యుడు. సోదరునితో విశాఖపట్టణమునకు వచ్చి, 1785లో ఈస్టిండియా కంపెనీకి ప్రకృతిశాస్త్రజ్ఞుడుగా నియుక్తుడయ్యెను. పాములను గూర్చి ఆయన చేసిన కృషి లోకవిదితము. రక్తపింజరికి నేటికిని ఆంగ్లమున ఆయన పేరే. విశాఖలో సేకరించిన రెండువందల చేపలకు దేశీయ చిత్రకారునిచే బొమ్మలు వ్రాయించి, 1803లో లండనునందు రెండు సంపుటములుగ ప్రకటించెను. వింత యేమనగా, కొత్త లాటిను పేర్లు కల్పించుటకు పూనుకొనక, జాలరులు చెప్పిన పేర్లనే తన చెవికి వినవచ్చినట్లు రోమను లిపిలో వ్రాసికొనెను. తెల్ల చందువ, నల్ల చందువ, కోనాము అందున్నవి. చుక్కల చేప 'బొంతూ' అని యున్నది. పేర్లు చెప్పిన జాలరులు మాత్రము గ్రంథపు ముఖపత్రముపై లేరు.

అందరును ఇట్లు అడిగి వ్రాసినవారు కారు. 1801లో జర్మను పండితుల గ్రంథమున, తూర్పు తీరమునందలి తరంగంబాడి చేపకు 'మలబారికస్' అని పేరిడిరి! చేప కోరమండలముది, పేరు పడమటి తీరముది. ఆ తప్పు నేటికిని చెల్లుచున్నది.

1828లో పారిసునందు వలాన్సియెన్ అను పండితుడు రస్సెల్ వ్రాసిన మాటను గైకొని 'సెర్రానస్ బొంటూ' అనెను. ఆ పేరు నేడు శాస్త్రమున నిలువలేదు. కాని 1855లో బటేవియాయందలి డచ్చి సైనిక వైద్యుడు బ్లీకర్, చేప నొకదానిని జూచి, ఇది బొంతును పోలియున్నదని 'బొంటోయిడిస్' అని వ్రాసెను. ప్రజాతి నామము ఎపినెఫెలస్ అని మారినను, ఆ మాట మారలేదు. విశాఖ చేపను ఎన్నడును చూడని జాలరి పట్టిన చేపకు, శాస్త్ర గ్రంథములలో నేడును 'బొంతు వంటిది' అనియే పేరు.