ఛార్జీ ఎవరిది, మైళ్లెవరివి

శామీర్‌పేట దాటి రాజీవ్ రహదారి మీద ఉత్తరానికి పోతుంటే తగిలే ఊరు తుర్కపల్లి. 1999 నుంచి దాని చుట్టూ జీనోమ్ వ్యాలీ పెరిగింది. ఈ ఊరి రోడ్డెక్కే విమాన ప్రయాణికులు రెండు తీర్లుగా ఉంటారు. పరిశోధనాగారాల నుంచి బాసెల్‌కో బోస్టన్‌కో బయల్దేరే శాస్త్రవేత్తకు టికెట్ కంపెనీ కొంటుంది, విమాన సంస్థ బహుమతిగా ఇచ్చే మైళ్లు మాత్రం ఆయన సొంత ఖాతాలో పడతాయి. కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్లల నుంచి దుబాయ్‌కో దోహాకో పోయేవాడు వీసాకే అప్పు చేసి ఉంటాడు. అతని ఖాతాలో ఏమీ పడదు. సరిహద్దు దాటడానికి తెలుగువాడు ఎవరికెంత కట్టుకున్నాడు, బదులుగా ఏం దక్కించుకున్నాడు అని వెనక్కి లెక్క తీస్తే నూట అరవై ఏళ్లు పైబడిన పద్దు తేలుతుంది.

మొదటి తరానికి వీసా గొడవ లేదు. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి డర్బన్ చేరిన ట్రూరో ఓడలోని కూలీల్లో తెలుగువాళ్లూ ఉన్నారు. పోవడానికి ఛార్జీ లేదు. ఒప్పందం ముగిశాక కూడా ఉండి పదేళ్లు నింపితే తిరుగు ఓడా ఉచితమే. పైపైన చూస్తే ఇంత ఉదారమైన ప్రయాణ పథకం ఆ తర్వాత మళ్లీ రాలేదనిపిస్తుంది! అసలు సంగతి 1895లో బయటపడింది. ఒప్పందం తీరాక తిరిగి కూలికి కుదరకుండా, దేశానికి వెళ్లకుండా ఉండిపోయేవాళ్లు ఏటా మూడు పౌన్లు కట్టాలని నాటాల్ ప్రభుత్వం చట్టం చేసింది. చేరినప్పటి నెలజీతం పది షిల్లింగులు. మూడు పౌన్లంటే అరవై షిల్లింగులు, అంటే ఆరు నెలల జీతం. ఓడ ఎక్కేటప్పుడు అడగని రుసుం ఆ గడ్డ మీద స్వేచ్ఛగా బతకబోయినప్పుడు అడిగారన్నమాట. గాంధీ నడిపిన 1913 సమ్మె తర్వాత, 1914లో గానీ ఆ పన్ను పోలేదు.

రంగం, అంటే రంగూన్ దారి ఇంకోలా ఉండేది. కోరంగి, కాకినాడ, భీమునిపట్నం, విశాఖల నుంచి డెక్కు మీద కూర్చుని బర్మా చేరేవాళ్లు. 1937 ఏప్రిల్ 1 దాకా బర్మా బ్రిటిష్ ఇండియాలో భాగమే కాబట్టి పాస్‌పోర్టుతో పనిలేదు. ఛార్జీ కూలీలను కుదిర్చే మేస్త్రీ ముందుగా పెట్టేవాడు, తర్వాత కూలిలోంచి పట్టుకునేవాడు. రంగూన్ రేవులో బరువులు మోసింది ఎక్కువగా తెలుగువాళ్లే. 1930 మేలో అక్కడ జరిగిన అల్లర్లలో దెబ్బతిన్నదీ వాళ్లే. 1941లో వలసలకు పగ్గాలు వేసే ఒప్పందం ఒకటి రాసుకున్నారు గానీ, అది అమలయ్యేలోగా జపాన్ బాంబులు పడ్డాయి. 1942లో లక్షల మంది భారతీయులు ఏ కాగితమూ లేకుండా అడవుల్లో నడిచి వెనక్కి వచ్చారు. మేస్త్రీ అప్పు మాత్రం ఆ తరంతో పోలేదు. గల్ఫ్ ఏజెంటు రూపంలో మళ్లీ దర్శనమిచ్చింది.

ఈ మధ్యలో పాస్‌పోర్టు వచ్చింది. 1920 చట్టం నాటి నుంచి దాన్ని సర్కారు దయగానే చూశారు, ఇస్తే ఇచ్చినట్టు, లేకుంటే లేనట్టు. ఈ పద్ధతిని కొట్టేసింది ఒక తెలుగు న్యాయమూర్తి అన్నది మనవాళ్లలో చాలామందికి గుర్తులేదు. 1967 ఏప్రిల్ 10న సత్వంత్ సింగ్ సాహ్నీ కేసులో ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు మెజారిటీ తీర్పు రాస్తూ, విదేశం వెళ్లడం రాజ్యాంగం 21వ అధికరణ కాపాడే వ్యక్తిస్వేచ్ఛలో భాగమేనన్నారు. మర్నాడే రాష్ట్రపతి పదవికి పోటీ చేయడానికి రాజీనామా ఇచ్చారు. ఆ ఏడాదే పాస్‌పోర్టుల చట్టం వచ్చింది. ఊరు దాటే హక్కు చేతికొచ్చింది, అవతలి తలుపు తెరిపించే హక్కు మాత్రం ఏ కోర్టూ ఇవ్వలేనిది.

1965లో అమెరికా వలస చట్టం మారాక మన వైద్యులు, ఇంజనీర్లు ఆ తలుపు దగ్గర బారులు తీరారు. విదేశీ మారకం కరువైన ఆ రోజుల్లో ఎనిమిది డాలర్లతో విమానం ఎక్కామని వాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఇంటర్వ్యూకు మద్రాసు వెళ్లాలి. రైలు టికెట్టు, లాడ్జి, తెల్లవారుజామున వరుసలో నిలబడటం, ఇవన్నీ ఏ రుసుం పట్టికలోనూ కనిపించని వీసా ఖర్చులే. హైదరాబాద్‌లో అమెరికన్ కాన్సులేట్ 2008లో పైగా ప్యాలెస్‌లో తెరుచుకుని, 2023లో నానక్‌రామ్‌గూడకు మారింది. సందర్శక వీసా రుసుం 2012లో 160 డాలర్లు, 2023 జూన్ నుంచి 185. వీసా ఇవ్వకపోయినా అది తిరిగి రాదు. ఆ లెక్కన వీసాల దేవుడని పేరుపడ్డ చిలుకూరు బాలాజీ షరతులే నయం. కోరుకునేటప్పుడు పదకొండు ప్రదక్షిణలు, నూట ఎనిమిది పని అయ్యాకే.

గల్ఫ్ వీసాది వేరే లోకం. యూఏఈ చట్టం ప్రకారం వీసా ఖర్చు యజమానిదే. మన నిబంధనల ప్రకారం లైసెన్సున్న ఏజెంటు 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ తప్ప అదనంగా పుచ్చుకోకూడదు. అయినా జగిత్యాల పల్లెల్లో వీసా బేరాలు లక్షల్లో నడవడం ఎవరికీ తెలియని రహస్యం కాదు. ఆజాద్ వీసా అని ఒకటుంది, ఏ దేశపు చట్టంలోనూ కనిపించదు. కాగితం మీద ఒక కఫీల్, అంటే పూచీపడే యజమాని, పని ఇంకెక్కడో, దొరికితే ఖల్లివల్లి, అంటే కాగితాల్లేని అక్రమ కార్మికుడు. లక్ష అప్పుకు నూటికి రెండు రూపాయల వడ్డీ అయితే నెలకు రెండు వేలు, ఏడాదికి ఇరవై నాలుగు వేలు. అసలు కదలదు. పదో తరగతి పాసవని వాడి పాస్‌పోర్టు మీద ఈసీఆర్, అంటే వలస తనిఖీ అవసరమనే ముద్ర ఉంటుంది. గల్ఫ్‌లో పనికి పోవాలంటే అతను ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనుమతి తెచ్చుకోవాలి. ఆ కాపలా అక్కరలేదని విజిట్ వీసా మీద పంపే ఏజెంట్లకు కొదవ లేదు.

మైళ్ల కథ 1981 మే 1న మొదలైందనుకోవచ్చు. ఆ రోజు అమెరికన్ ఎయిర్‌లైన్స్ అడ్వాంటేజ్ పథకం తెచ్చింది. 1990లలో మన దగ్గరికి ఎయిరిండియా ఫ్లయింగ్ రిటర్న్స్, జెట్ ప్రివిలేజ్ వచ్చాయి. అదే కాలంలో, 1990 నాటి అమెరికా చట్టం హెచ్-1బీ ఉద్యోగ వీసాను సృష్టించింది, వై2కే కంప్యూటర్ గొడవ దాన్ని హైదరాబాద్ వీధుల్లోకి తెచ్చింది. మైళ్లూ, హెచ్-1బీ కలిసి మన మధ్యతరగతికి కొత్త ఆస్తినిచ్చాయి. గోల్డు కార్డుంటే లాంజి, ముందు బోర్డింగ్, అన్నిటికన్నా ముఖ్యంగా అదనపు పెట్టె. చెరి 23 కిలోల రెండు పెట్టెల్లో ఆవకాయ, కారప్పొడులు, చీరలు పట్టవని ఏ తల్లినడిగినా చెబుతుంది. విమానం కన్నా పథకానికే విలువ ఎక్కువనడమూ అతిశయోక్తి కాదు. 2020లో యునైటెడ్ ఎయిర్‌లైన్స్ తన మైళ్ల పథకం మైలేజ్‌ప్లస్‌ను తాకట్టు పెట్టి 500 కోట్ల డాలర్లకు పైగా అప్పు తెచ్చుకుంది. 2019 ఏప్రిల్‌లో జెట్ ఎయిర్‌వేస్ విమానాలు ఆగిపోయినా, దాని పాయింట్ల పథకం ఇంటర్‌మైల్స్ అని పేరు మార్చుకుని బతికింది.

చాలా పథకాల్లో మైళ్లకు రెండు మూడేళ్ల గడువు ఉంటుంది. గల్ఫ్ కార్మికుడికి కంపెనీ రానుపోను టికెట్ ఇచ్చేది రెండేళ్లకోసారి. అతను ఇరవై ఏళ్లు అటూ ఇటూ తిరిగినా గోల్డు కార్డు మొహం చూడడు.

2021లో ఒకసారి మాత్రం ఈ రెండు తీర్ల ప్రయాణికుల వరుసలూ ఒక్కటయ్యాయి. కారణం తుర్కపల్లే. అమెరికా నుంచి తిరిగొచ్చిన కృష్ణ ఎల్లా, సుచిత్ర ఎల్లా 1996లో స్థాపించిన భారత్ బయోటెక్ ఇక్కడ తయారుచేసిన కోవిడ్ టీకా కోవాగ్జిన్‌కు ఆ జనవరి 3న దేశంలో అత్యవసర అనుమతి దొరికింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ జాబితాలోకి అది నవంబరు 3న గానీ చేరలేదు. ఆ పది నెలలూ విదేశాలకు పోవాల్సినవాళ్లు టీకా కేంద్రంలో కోవిషీల్డ్ ఉందా అని అడిగి మరీ వరుసలో నిలబడ్డారు. సౌదీలో పనిచేసే ఒక కేరళీయుడు, కోవాగ్జిన్ వేసుకున్నందుకు ఉద్యోగం పోయేలా ఉంది, మరో టీకా ఇప్పించండని హైకోర్టుకెక్కాడు. వీసా ఉంది, టికెట్ ఉంది, భుజానికి పడ్డ సూదే చెల్లలేదు. నవంబరు 8న అమెరికా, 22న బ్రిటన్ కోవాగ్జిన్‌ను ఒప్పుకున్నాయి. టీకా పనిచేసేదే, జాబితాలో పేరెక్కడమే ఆలస్యమైంది.

ఈ మధ్య వీసాలే మైళ్ల తర్కాన్ని నేర్చుకున్నాయి, తిరిగినవాడికే మరింత దక్కుతుంది. షెంగెన్ రుసుం 2024 జూన్‌లో 80 యూరోల నుంచి 90కి పెరిగింది. అంతకు రెండు నెలల ముందే, మూడేళ్లలో రెండు షెంగెన్ వీసాలు సవ్యంగా వాడిన భారతీయులకు రెండేళ్ల వీసా, ఆపైన ఐదేళ్లది ఇవ్వాలని యూరప్ తేల్చింది. అమెరికా వీసా ఉన్న భారతీయుడికి యూఏఈ 2017 నుంచి విమానాశ్రయంలోనే వీసా ఇస్తోంది. దుబాయ్ మేడలు కట్టిన సిరిసిల్ల తాపీమేస్త్రీకి ఆ సౌకర్యం లేదు. కొత్త హెచ్-1బీ దరఖాస్తుకు 2025 సెప్టెంబరులో ట్రంప్ విధించిన లక్ష డాలర్లు కట్టాల్సింది కంపెనీ. అమెరికాలో గబగబా గేటు దాటించే గ్లోబల్ ఎంట్రీకి 120 డాలర్లు, ఖరీదైన క్రెడిట్ కార్డు చేతిలో ఉంటే ఆ బ్యాంకే దాన్ని తిరిగిచ్చేస్తుంది. గల్ఫ్ పనికి ముందు చేయించుకునే వైద్య పరీక్ష సొమ్ము మాత్రం అన్‌ఫిట్ అని రాస్తే ఎవరూ తిరిగివ్వరు.